సూరత్ పెరట్లో వాంసదా అడవి

గుజరాత్‌లో జాతీయ ఉద్యానాలు నాలుగే. సింహాల గిర్, కృష్ణజింకల వెళావదర్, జామ్‌నగర్ తీరంలోని సముద్ర ఉద్యానం, నాలుగోది వాంసదా. నాలుగింట్లోకీ చిన్నది ఇదే. విస్తీర్ణం 24 చదరపు కిలోమీటర్లకు పిసరంత తక్కువ. సూరత్ నుంచి ఆగ్నేయ దిక్కుగా వంద కిలోమీటర్లు దాటి వెళితే, సహ్యాద్రి కొండలు మైదానంలోకి దిగే చోట, అంబికా నది పక్కన నవసారి జిల్లాలో ఉంటుంది.

తెలంగాణ జిల్లాల నుంచి సూరత్ మరమగ్గాలకు వలస వచ్చి స్థిరపడిన పద్మశాలీ కుటుంబాలకు ఈ అడవి తెలియనిదేమీ కాదు. సెలవులకు సాపుతారా కొండకు వెళ్లే బస్సు వాంసదా, వాఘాయిల మీదుగా పోతే ఈ ఉద్యానాన్ని చీల్చుకుంటూ సాగుతుంది. కిటికీలోంచి టేకు చెట్లను చూసి అదిలాబాద్‌లా ఉందే అనుకుని ముందుకు పోయేవాళ్లే ఎక్కువ. బస్సు ఆగదు, అడవి దాటిపోతుంది.

ఒకప్పుడిది వాంసదా సంస్థానాధీశుల సొంత అడవి. 1952 నుంచి ఇక్కడ చెట్టు కొట్టడం మానేశారు. 1979లో జాతీయ ఉద్యానంగా ప్రకటించారు. పక్కనే ఉన్న డాంగ్ అడవుల సంగతి వేరు. భిల్లు రాజుల నుంచి ఆంగ్లేయులు 1842లో ఆ అడవులను కౌలుకు తీసుకున్నారు, అక్కడి టేకు కోసం. ఆ రాజుల వారసులకు నేటికీ ఏటా హోలీ ముందు ఆహ్వాలో జరిగే డాంగ్ దర్బార్‌లో సభ చేసి మరీ భరణం ముట్టజెబుతారు. డాంగ్ టేకు గొడ్డలికి బలైంది. దాని అంచునే ఉన్న వాంసదా ముక్క నిలిచింది. ఇప్పుడు ఇక్కడ పెద్ద మాకులు కనబడుతున్నాయంటే కారణం అదే.

ఏటా రెండు వేల మిల్లీమీటర్లకు పైగా వాన పడే నేల ఇది. టేకు, నల్లమద్ది, మోదుగ, బూరుగ, ఇప్ప కలగలిసి పెరుగుతాయి. స్థానికులు కటాస్ అని పిలిచే వెదురు పొదలు కొన్నిచోట్ల ఎండ నేలను తాకనివ్వవు. వేసవిలో టేకు ఆకు రాల్చాక ఇదే అడవి డొల్లగా, ఎండుటాకుల చప్పుడుతో వేరే అడవిలా ఉంటుంది.

వానలు వెనకబట్టాక కాలిబాటల మీద తల ఎత్తి నడవడం మంచిది. రెండు చెట్ల మధ్య, మనిషి ముఖమంత ఎత్తులో, మీటరుకు మించిన వెడల్పున పెద్ద అడవి సాలీడు గూడు కడుతుంది. ఆడదాని ఒళ్లే బొటనవేలంత పొడుగుంటుంది. పొడవాటి నల్లని కాళ్ల మీద గూటి నడుమ తల కిందులుగా కదలక వేలాడుతుంది. గూటి పైఅంచున ఈగంత ఎర్రటి పురుగు కనిపిస్తే అది ఆహారం కాదు, మగ సాలీడు. పొద్దుటి ఎండ పక్కనుంచి పడినప్పుడు పోగులు పసుపుపచ్చగా, జరీలా మెరుస్తాయి. ఆ రంగు ఎవరూ అద్దింది కాదు, పట్టులోనే ఉంది. మగ్గం ముందు బతికిన మనిషి ఇక్కడ కాసేపు ఆగకుండా ఉండలేడు.

ఇక్కడికి వచ్చేవాళ్ల మొదటి ప్రశ్న పులి గురించే. 1990ల నాటికే ఈ అడవుల్లో పులి లేకుండా పోయింది. ఎలుగుబంటి జాడా చెరిగిపోయింది. అడవికుక్కలు మాత్రం 2020లో మళ్లీ కెమెరాకు చిక్కాయి. మిగిలినవాటిలో పెద్దది చిరుత. దానికి తోడు హైనా, కొండగొర్రె, అడవిపంది, ముళ్లపంది, అలుగు, పునుగుపిల్లి. రెండు కిలోలు కూడా తూగని తుప్పుమచ్చల పిల్లి ప్రపంచంలోని అతిచిన్న పిల్లుల్లో ఒకటి, అదీ ఇక్కడే తిరుగుతుంది. ఇవన్నీ దాదాపు రాత్రి సంచారులే. పగలు వెళ్లి ఏమీ కనబడలేదని నిట్టూర్చడం అడవి తప్పు కాదు.

చిరుతకు ఉద్యానం సరిహద్దు పట్టదు. బార్డోలీ, మాండ్వీ, మహువా తాలూకాల్లో మైళ్ల కొద్దీ చెరకు తోటలున్నాయి. నెలల తరబడి మనిషి అడుగుపెట్టని ఆ చాటు దానికి అడవితో సమానం. ఆడ చిరుతలు అక్కడే పిల్లలు పెడతాయి. చెరకు నరికే వేళ కూలీలకు ఆ పిల్లలు ఎదురవుతాయి. అటవీ సిబ్బంది వాటిని దొరికిన చోటికే చేర్చి, తల్లి వచ్చి తీసుకుపోయేదాకా కాపలా కాస్తారు.

ఈ కొండల అసలు కథ మాత్రం జానెడు పక్షిది. అడవి గుడ్లగూబను 1872లో బ్లెవిట్ అనే ఆంగ్లేయుడు నేటి ఛత్తీస్‌గఢ్‌లో పట్టుకున్నాడు. 1884 తర్వాత అది ఎవరి కంటా పడలేదు. ఇంగ్లండుకు చెందిన కర్నల్ మైనర్ట్‌జాగన్ మాత్రం 1914లో మాండ్వీలో, అంటే సూరత్ జిల్లాలో తాపీ ఒడ్డున, ఒకదాన్ని పట్టానని నమూనా చూపించాడు. అది పచ్చి అబద్ధం. బ్రిటిష్ మ్యూజియంలోని 1884 నాటి పక్షినే దొంగిలించి, విప్పి కుట్టి, కొత్త చీటీ కట్టాడు. ఆ మోసాన్ని పసిగట్టిన అమెరికన్ శాస్త్రవేత్త పమేలా రాస్ముసెన్ మాండ్వీని పక్కనబెట్టి, నిజమైన పాత ఆనవాళ్లను పట్టుకుని వెతికారు. 1997 నవంబరులో మహారాష్ట్రలోని శహాదా దగ్గర ఆమె బృందానికి బతికున్న పక్షి కనిపించింది. నూట పదమూడేళ్ల ఎడబాటు.

తమాషా ఏమిటంటే, 2014 తర్వాత డాంగ్‌లోని పూర్ణా అభయారణ్యంలోనూ, నవసారి, వల్సాడ్ జిల్లాల అడవుల్లోనూ ఈ పక్షి నిజంగానే దొరికింది. అబద్ధపు చీటీ మీది ఊరికి మరీ దూరం కాని చోటే. ఇది పగలే తిరుగుతుంది. ఆకులు రాలిన టేకు కొమ్మ మీద కూర్చుని తోక అటూ ఇటూ విదిలిస్తుంది. మామూలు చిన్న గుడ్లగూబకు నడినెత్తిన తెల్లచుక్కలు దట్టంగా ఉంటాయి, దీనికి దాదాపు ఉండవు. గూటికి ముదురు చెట్టు తొర్ర కావాలి. చెట్టు ముదరకముందే నరికే అడవిలో దీనికి ఇల్లు లేదు.

ఉద్యానంలోకి వెళ్లాలంటే అటవీ శాఖ అనుమతి తీసుకోవాలి. చలికాలం నడకకు అనువు. వాఘాయి దగ్గరి గిరా జలపాతం చూడాలంటే వానలు తగ్గీ తగ్గగానే వెళ్లాలి, వేసవికి అక్కడ బండలే మిగులుతాయి. వాఘాయి వృక్షోద్యానం ఉన్న 24 హెక్టార్లలో ఈ ప్రాంతపు చెట్లెన్నిటినో పేర్లతో సహా చూడొచ్చు. తీరిక ఉన్నవాళ్లకు బిలిమోరా నుంచి వాఘాయి దాకా 63 కిలోమీటర్ల చిన్న పట్టాల రైలుమార్గం ఉంది. గాయక్వాడ్ల కాలంలో, 1913లో, టేకు మోయడానికి వేసింది. బండి వేళలు మారుతుంటాయి గనుక ముందే కనుక్కోవాలి. వాఘాయి పూటకూళ్లిళ్లలో నాగలీ రొట్టె, మినపపప్పు వడ్డిస్తారు. నాగలీ అంటే మన తైదలే.