చుక్కల లెక్క తెలిస్తే దరఖాస్తు తిరిగి రాదు

దరఖాస్తుకు అదే ఆఖరు రోజు. మండల కేంద్రంలోని నెట్ సెంటర్ ముందు పొద్దుగూకే దాకా జనం. పొలం పని మానుకుని, కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చిన తండ్రి చేతిలో సర్టిఫికెట్ల కవరు. తీరా వంతు వచ్చాక ఫొటోను తీసుకోనని కంప్యూటర్ మొరాయిస్తుంది.

"సైజు ఎక్కువైంది బాబాయ్" అంటాడు సెంటర్ కుర్రాడు.

"పాస్‌పోర్టు ఫొటోయే కదయ్యా! ఇంకా ఎంత చిన్నది కావాలి?" అంటాడు తండ్రి.

ఇద్దరి మాటా నిజమే. తండ్రి చెప్పేది కాగితం సైజు. కుర్రాడు చెప్పేది ఫైలు సైజు. ఈ రెండింటి తేడా తెలియకనే పల్లెల్లో ఎందరో సెంటర్ల చుట్టూ తిరుగుతున్నారు. కాలేజీ సీటుకైనా, స్కాలర్‌షిప్పుకైనా, ఉద్యోగానికైనా నేడు కాగితాలను కంప్యూటర్‌లోకి ఎక్కించక తప్పదు. ఎక్కించేది సెంటర్ వాళ్లయినా, తేడా వస్తే నష్టపోయేది దరఖాస్తు పెట్టినవారే. అయిదారు మాటలకు అర్థం తెలుసుకుంటే ఈ తిప్పలు చాలావరకు తప్పుతాయి.

నేత గళ్లే పిక్సెళ్లు

పోచంపల్లి నేతన్నలు ఇక్కత్ చీర డిజైన్‌ను ముందుగా గళ్ల కాగితం మీద వేసుకుంటారు. ఏ గడిలో ఏ రంగు రావాలో గుర్తు పెట్టుకుంటారు. దూరం నుంచి చూస్తే ఏనుగు, చిలుక కనబడతాయి. దగ్గరికి వెళ్లి చూస్తే అన్నీ రంగు గళ్లే. కంప్యూటర్‌లో బొమ్మ కూడా సరిగ్గా అంతే. ఆ ఒక్కో గడినే పిక్సెల్ అంటారు. మన మాటలో చుక్క అనుకోవచ్చు.

కాగితాన్ని చుక్కలుగా మార్చే యంత్రమే స్కానర్. అద్దం మీద కాగితాన్ని బోర్లా పెట్టి మూత వేస్తారు. అద్దం కింద ఒక దీపం ఈ చివర నుంచి ఆ చివరకు జరుగుతుంది. తెల్లని చోట వెలుగు ఎక్కువగా తిరిగి వస్తుంది. సిరా ఉన్నచోట తక్కువగా వస్తుంది. దీపంతో పాటు కదిలే సెన్సర్లు ఆ వెలుగును కొలిచి, ఒక్కో చుక్కకు ఒక్కో అంకె వేస్తాయి. ఆ అంకెల పట్టికే స్కాన్ కాపీ.

ఈ పద్ధతికి శ్రీకారం చుట్టింది అమెరికాకు చెందిన రసెల్ కిర్ష్. అక్కడి జాతీయ ప్రమాణాల సంస్థలో పనిచేస్తూ 1957లో తన పసిబిడ్డ ఫొటోను స్కాన్ చేశాడు. ఫొటో అయిదు సెంటీమీటర్ల చదరం. అడ్డంగా 176, నిలువుగా 176 చుక్కలు. అంటే మొత్తం 30,976. ప్రతి చుక్కా అయితే నలుపు, లేకుంటే తెలుపు. మధ్య ఛాయలు రావడానికి అదే ఫొటోను పలుమార్లు స్కాన్ చేసి కలపవలసి వచ్చింది.

అంగుళానికి ఎన్ని?

వరి నాట్లలో చదరపు మీటరుకు ఎన్ని కుదుళ్లు అని లెక్క చూస్తారు. స్కానింగ్‌లో అంగుళం పొడవున ఎన్ని చుక్కలు అని చూస్తారు. దాన్నే డీపీఐ అంటారు. 100 డీపీఐ అంటే అంగుళానికి వంద చుక్కలు. అడ్డం వంద, నిలువు వంద కనుక చదరపు అంగుళంలో 10 వేలు. 200 డీపీఐ పెడితే రెట్టింపు కాదు, నాలుగింతలై 40 వేలవుతాయి. 300 పెడితే 90 వేలు.

చుక్కలు పెరిగితే చిన్న అక్షరాలు, సీళ్లు స్పష్టంగా వస్తాయి. ఫైలు కూడా పెరుగుతుంది. మామూలు సర్టిఫికెట్టుకు 200 నుంచి 300 డీపీఐ చాలు.

ఫైలు బరువు

గింజలకు గిద్ద, సోల, తవ్వ, మానిక ఉన్నట్లే కంప్యూటర్ సమాచారానికీ కొలతలు ఉన్నాయి. అన్నింటికంటే చిన్నది బిట్. అది దీపం వెలిగిందా, ఆరిందా అన్నంత మాత్రమే. ఎనిమిది బిట్లు ఒక బైట్. సుమారు వెయ్యి బైట్లు ఒక కేబీ. సుమారు వెయ్యి కేబీలు ఒక ఎంబీ.

నలుపు తెలుపు స్కాన్‌లో చుక్కకు ఒక బిట్ చాలు. బూడిద ఛాయలతో తీస్తే చుక్కకు ఒక బైట్ కావాలి. అందులో 256 ఛాయలు పడతాయి. రంగుల్లో అయితే ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఒక్కోదానికి ఒక బైట్ చొప్పున మూడు బైట్లు. ఏ4 కాగితాన్ని 300 డీపీఐతో రంగుల్లో తీస్తే సుమారు 87 లక్షల చుక్కలు. కుదించకుండా ఉంచితే పాతిక ఎంబీల ఫైలు అవుతుంది.

ఇప్పుడు ఆ తండ్రి తెచ్చిన ఫొటో సంగతి చూద్దాం. మూడున్నర సెంటీమీటర్ల వెడల్పు, నాలుగున్నర సెంటీమీటర్ల ఎత్తున్న ఫొటోను 600 డీపీఐతో తీస్తే 8 లక్షల 79 వేల చుక్కలు వస్తాయి. కొన్ని బ్యాంకు ఉద్యోగాల దరఖాస్తుల్లో ఫొటోకు అడిగేది అడ్డం 200, నిలువు 230 చుక్కలు. అంటే 46 వేలు మాత్రమే. ఫైలు 20 నుంచి 50 కేబీల మధ్య ఉండాలంటారు. కంప్యూటర్ మొరాయించింది అందుకే. కొత్త ఫొటో దిగవలసిన పని లేదు. చుక్కలు తగ్గించి మళ్లీ సేవ్ చేస్తే సరిపోతుంది.

జేపీజీ, పీడీఎఫ్

జేపీజీ అంటే బొమ్మను కుదించి దాచే పద్ధతి. కంటికి అంతగా తెలియని తేడాలను వదిలేసి ఫైలును చిన్నది చేస్తుంది. ఫొటోకు, సంతకానికి ఎక్కువగా దీన్నే అడుగుతారు. పీడీఎఫ్ పుస్తకం కుట్టినట్లు. నాలుగు పేజీలున్నా ఒకే ఫైలులో వరుసగా ఉంటాయి. మసకగా ఉన్న జేపీజీని పీడీఎఫ్‌లో పెట్టినంత మాత్రాన స్పష్టత రాదు. చిరిగిన కాగితాలకు అట్ట వేసినంత మాత్రాన అక్షరాలు వస్తాయా?

ఇక ఓసీఆర్ అనే మాటా వినిపిస్తుంటుంది. స్కాన్ కాపీలో ఉన్నది అక్షరాల బొమ్మే గాని అక్షరాలు కావు. ఆ బొమ్మను చదివి, దిద్దుకోవడానికి, వెతుక్కోవడానికి వీలైన అక్షరాలుగా మార్చడమే ఓసీఆర్. అది తప్పులు చదవవచ్చు. పేర్లు, సర్వే నంబర్లు అసలుతో సరిచూసుకోవాలి.

పోయిన చుక్క మళ్లీ రాదు

అన్నింటికంటే గుర్తుంచుకోవలసింది ఇదే. పెద్ద ఫైలును ఎన్నిసార్లయినా చిన్నది చేసుకోవచ్చు. చిన్నదాన్ని పెద్దది చేస్తే మాత్రం పోయిన వివరం తిరిగి రాదు. చుక్కలు సాగి బొమ్మ మసకబారుతుంది. జేపీజీని దిద్ది మళ్లీ మళ్లీ సేవ్ చేసినా స్పష్టత తరుగుతూ పోతుంది. వాట్సాప్‌లో ఫొటోగా పంపినప్పుడు కూడా కుదింపు జరుగుతుంది. డాక్యుమెంట్‌గా పంపితే ఉన్నది ఉన్నట్లు చేరుతుంది.

తాతల నాటి దస్తావేజుల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. కాగితం పాతబడి, సిరా వెలిసి ఉంటుంది. నలుపు తెలుపులో స్కాన్ చేస్తే వెలిసిన గీతను యంత్రం తెలుపుగా లెక్కకట్టి వదిలేయవచ్చు. సర్వే నంబరులో ఒక అంకె పోయినా చిక్కే. అలాంటి కాగితాన్ని 300 డీపీఐకి తగ్గకుండా రంగుల్లోనే తీయించాలి. సీలు, వేలిముద్ర కూడా విడిగా కనబడతాయి. జిరాక్స్ నుంచి కాకుండా అసలు కాగితం నుంచే తీయించడం మేలు. ఫోనుతో తీయవలసి వస్తే కాగితాన్ని చదునుగా పరచి, నీడ పడకుండా, పైనుంచి నిటారుగా తీయాలి.

సెంటర్‌కు వెళితే

ముందుగా దరఖాస్తులో ఏమి అడిగారో చూసుకోవాలి. ఎన్ని పిక్సెళ్లు, ఎన్ని కేబీలు, జేపీజీయా, పీడీఎఫా అన్నది చీటీ మీద రాసుకుని వెళితే పని సులువు.

అసలును 300 డీపీఐతో ఒకసారి మంచిగా స్కాన్ చేయించి, ఆ పెద్ద ఫైలును పెన్‌డ్రైవ్‌లో గాని, సొంత మెయిల్‌లో గాని దాచుకోవాలి. దరఖాస్తుకు కావలసిన చిన్న కాపీని దాని నుంచి తీసుకోవాలి. పెద్దదాన్ని చెరిపి చిన్నది ఉంచుకోకూడదు.

అప్‌లోడ్ చేశాక ఫైలును తెరిపించి పేరు, పుట్టిన తేదీ, నంబర్లు చదవడానికి వస్తున్నాయో లేదో కళ్లారా చూసుకోవాలి. పని ముగిశాక సెంటర్ కంప్యూటర్‌లో మిగిలిన ఆధార్, బ్యాంకు పాసుపుస్తకం కాపీలను చెరిపించాలి. రీసైకిల్ బిన్‌లో కూడా లేకుండా చూడాలి.

స్కాన్ చేయించాం కదా అని అసలు కాగితాన్ని అశ్రద్ధ చేయడం తగదు. కాపీ మీద అనుమానం వస్తే అధికారులు అడిగేది అసలునే. దాన్ని చెదలకు, తడికి దూరంగా పెట్టెలో భద్రపరచుకోవాలి.

సీటు కోసం, ఉద్యోగం కోసం పిల్లలు ఏడాదంతా చదువుతారు. ఆ కష్టం ఆఖరు రోజు ఆఖరు గంటలో నాలుగు కేబీల దగ్గర ఆగిపోకూడదు. ఈసారి "సైజు ఎక్కువైంది" అన్నప్పుడు "చుక్కలా, కేబీలా?" అని అడగగలిగితే సగం పని అయినట్లే.