చెరువు సరస్సయిన వైనం

దేశానికొక కాల్పనిక రూపాన్ని కట్టి అమ్మడం కొత్త వ్యాపారం కాదు. 1930లలో 'విజిట్ ఇండియా' పోస్టర్లపై రైల్వేలు తాజ్‌మహల్‌నూ, కోటలనూ, పులులనూ చూపి దొరలను పిలిచాయి. 2002లో మొదలైన 'ఇన్‌క్రెడిబుల్ ఇండియా' ప్రచారంలోనూ ఆ బొమ్మలు మళ్ళీ కనిపించాయి. ఏలినవారు మారారు, ఎంపిక అంతగా మారలేదు. ఇలా తరాల తరబడి సాగితే దేశవాసులే తమ నేలను టూరిస్టు కళ్ళతో చూడడానికి అలవాటుపడతారు. రచయితకు ప్రమాదం అక్కడే మొదలవుతుంది.

మా శామీర్‌పేట సంగతి చూడండి. కరీంనగర్ దారిలోని ఆ జలాశయం నిజాముల కాలంలో కట్టిన చెరువు. చెరువంటే కట్ట, తూము, మత్తడి, ఆయకట్టు. వంతుల ప్రకారం నీళ్ళు వదిలే నీరటి, వలలు వేసేవాళ్ళు. కట్టకు మట్టి మోసినవాళ్ళ శ్రమ ఆ మాటలోనే ఉంది. జింకల పార్కూ, రిసార్టులూ, సినిమా షూటింగులూ వచ్చాక ప్రచారపత్రాలలో అది 'సరస్సు' అయింది. ఈ మాట కావ్యాల నుంచి హంసలనూ తామరలనూ వెంటబెట్టుకుని వచ్చింది. సూర్యాస్తమయానికి అందులో చోటుంది, నీరటికి లేదు.

రెండూ పర్యాయపదాలే కదా అంటారు నిఘంటువు తిరగేసేవారు. మేడ్చల్ బడిలో 'మా చెరువు' అని వ్యాసం రాయమంటే, చెరువు కింద మడి ఉన్న ఇంటి పిల్లవాడే హంసలను రాశాడు. తూము సంగతేమిట్రా అంటే, "అది వ్యాసంలో రాస్తరా సార్?" అన్నాడు. (ఆ భాష వాడికి ముందు నేర్పింది పాఠ్యపుస్తకాలూ, భావకవిత్వపు చివరి తరగలూను. ప్రచారశాఖలు సిద్ధంగా ఉన్నదాన్ని వాడుకున్నాయి.)

హైదరాబాదు పుట్టుకకూ ఇదే గతి పట్టింది. గోల్కొండ కోట ఇరుకైపోవడం, నీటి ఎద్దడి 1591లో కొత్త నగరానికి కారణాలని చరిత్రకారులు చెబుతారు. భాగమతి ప్రస్తావన ఫైజీ, ఫెరిష్తా రాతల్లో ఉన్నా షేర్వానీ దాన్ని చరిత్రగా ఒప్పుకోలేదు. నరేంద్ర లూథర్ సమర్థించారు. పర్యాటక పత్రాలకు ఆ వివాదం అక్కరలేదు, ప్రేమ కావాలి. కథ నిజమైనా కాకపోయినా, చార్మినార్‌కు రాళ్ళెత్తినవారి ఊసు మాత్రం రాదు.

శామీర్‌పేట నేపథ్యంగా కథ రాయబోయేవారు ముందు మత్తడి దారి ఎటో, కింది పొలాలు ఇప్పుడెవరి పట్టాలో ఉన్నాయో, ఒకప్పటి ద్రాక్షతోటలు ఎలా ప్లాట్లయ్యాయో విచారించాలి. కట్ట మీద పశువుల కాపరులు దొరుకుతారు, వాళ్ళు చెప్పగలరు.