పలుగురాయి గుట్ట తవ్వితే పోయేదేమిటి?

పాత మహబూబ్‌నగర్ (పాలమూరు) జిల్లాలో, ఇప్పటి నాగర్‌కర్నూల్ జిల్లా బల్మూరు మండలంలో మైలారం అనే ఊరుంది. ఊరి గుట్టలో పలుగురాయి, అంటే క్వార్ట్జ్, ఉంది. దాని తవ్వకానికిచ్చిన అనుమతి రద్దు చేయాలంటూ గ్రామస్థులు 2024 లోక్‌సభ ఎన్నికలను బహిష్కరించారు. 2025 జనవరిలో రిలే దీక్షలకు సిద్ధమైతే పోలీసులు అరెస్టులకు దిగారు. మద్దతుగా బయలుదేరిన పౌరహక్కుల నేత ప్రొఫెసర్ హరగోపాల్‌ను దారిలోనే ఆపి వెల్దండ ఠాణాకు తరలించారు.

రాయే కదా, తవ్వితే పోయేదేముంది అనేవారూ ఉన్నారు. పోయేదేమిటో చూద్దాం.

గుట్ట పుట్టుక

పాలమూరు నేల కింద ఉన్నవి చాలావరకు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్, నైస్ శిలలు. వాటి పగుళ్లలోకి సిలికా కరిగిన వేడినీరు చేరి, చల్లారుతూ పలుగురాయిగా పేరుకుంది. గ్రానైట్‌లోని ఫెల్డ్‌స్పార్ ఎండావానలకు బంకమట్టిగా మారి కొట్టుకుపోతుంది. మోస్ కాఠిన్య కొలతపై 7 ఉన్న పలుగురాయి అంత తేలిగ్గా అరగదు. చుట్టూ నేల తగ్గేకొద్దీ అది గుట్టగా తేలుతుంది.

నీటి దారి

పచ్చి గ్రానైట్‌లో నీరు నిలవదు. మన బావులకు, బోర్లకు నీరిచ్చేవి పైనున్న మొరం పొర, దాని కింది పగుళ్లు. గుట్ట మీద పడ్డ వాన నెర్రెల్లోంచి దిగి, అంచున రాళ్లూ మొరమూ పేరుకున్న వాలులో ఇంకి, కింది పొలాలకు మెల్లగా చేరుతుంది. మిగిలింది వాగై చెరువుకు పోతుంది. క్వారీ ఆ వాలును చెక్కేస్తే వాన ఇంకే సందు లేక పరుగెడుతుంది, రాతిపొడిని తెచ్చి చెరువులో పూడిక వేస్తుంది. గొయ్యి నీటిమట్టం కంటే లోతుకు పోతే నీళ్లు తోడాల్సిందే. అప్పుడు చుట్టుపక్కల బావుల ఊట గోతివైపు మళ్లుతుంది. ఎంత మళ్లుతుందన్నది పగుళ్ల దిశను బట్టి ఉంటుంది.

కనిపించని దుమ్ము

కంటికి కనిపించే తెల్లదుమ్ము చాలావరకు ముక్కులో, గొంతులో ఆగిపోతుంది. అసలు చేటు 4 మైక్రాన్ల కంటే సన్నని రేణువుతో. తలవెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. ఆ రేణువు ఊపిరితిత్తుల చివరి గాలిగదుల దాకా వెళ్తుంది. అక్కడి రక్షక కణం దాన్ని మింగుతుంది గానీ అరిగించుకోలేక తానే చస్తుంది. బయటపడ్డ రేణువును ఇంకో కణం మింగుతుంది, అదీ చస్తుంది. ఇలా మచ్చలు కట్టి ఊపిరితిత్తులు గట్టిపడడమే సిలికోసిస్. దాన్ని నయం చేసే మందు లేదు. పైగా క్షయ ముప్పు పెరుగుతుంది.

అమెరికాలోని వెస్ట్ వర్జీనియాలో 1930-31లో హాక్స్ నెస్ట్ సొరంగం కోసం సిలికా రాయిని తడపకుండా తొలిచిన కూలీలు వందల్లో చనిపోయారు. పలుగుపొడితో చేసే కృత్రిమ రాతి పలకలను ఆస్ట్రేలియా 2024 జులై 1 నుంచి నిషేధించింది. అందరికంటే ఎక్కువ ముప్పు రాయి తొలిచేవారికి, క్రషర్ దగ్గర పనిచేసేవారికి. ఊళ్లోకి ఎంత దుమ్ము చేరుతుందన్నది దూరాన్ని, గాలివాటాన్ని, నీళ్లు చల్లే తీరును బట్టి మారుతుంది.

చట్టంలో సందు

2015 ఫిబ్రవరిలో కేంద్రం పలుగురాయితో సహా 31 ఖనిజాలను చిన్నతరహా ఖనిజాల జాబితాలో చేర్చి, వాటి అజమాయిషీ రాష్ట్రాలకు అప్పగించింది. 2006 నాటి పర్యావరణ నోటిఫికేషన్ ప్రకారం 5 హెక్టార్ల (పన్నెండెకరాల పైచిలుకు) లోపు లీజులకు మామూలుగా ప్రజాభిప్రాయ సేకరణ ఉండదు. అయితే ఒకదానికొకటి 500 మీటర్లలోపు లీజులుంటే వాటన్నిటినీ కలిపి లెక్కించాలి. ఊళ్లు అడగాల్సింది ఇక్కడే.

మీ ఊరి గుట్టకు లీజు వస్తోందని తెలిస్తే ముందుగా బావులు, బోర్ల నీటిమట్టాలు ఎండాకాలంలో ఒకసారి, వానాకాలంలో ఒకసారి కొలిచి తేదీతో రాసిపెట్టండి. లీజు విస్తీర్ణం, పక్క లీజుల దూరం, పర్యావరణ అనుమతి షరతులు సమాచార హక్కు చట్టం కింద అడిగి తీసుకోండి. తవ్వకం మొదలయ్యాక వెనకటి నీటిమట్టం ఎంతో కొలవడం ఎవరి తరమూ కాదు.