డ్రాగన్ ఊపిరికి హద్దులు

కాగితము, పెన్సిలు, కొన్ని పాచికలు ముందుంచుకొని, బల్ల చుట్టును కూర్చుండి, నోటితో కథ నడుపుచు ఆడెడి ఆట యొకటి కలదు. దాని పేరు ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనువారు దీనిని వెలువరించిరి. ఆటగాండ్రలో ప్రతివాడును ఒక వీరుని పాత్ర వహించును. ఒకడు మాత్రము నాటకమునందలి సూత్రధారునివలె కథ చెప్పుచు, శత్రువుల పక్షమునకూడ తానే ఆడును. ఆ శత్రువులలో మిక్కిలి భయంకరమైనది నోటినుండి నిప్పు గ్రక్కు డ్రాగన్.

కాళియుని విషమునకు మడుగుపై నెగురు పక్షులు సైతము కూలెనని భాగవతకథలో వినియున్నాము. కథలో కవి చెప్పినదే జరుగును. ఆటలో అట్లు కుదరదు. సూత్రధారుడు ‘‘మీరందరు కాలిపోయితిరి’’ అని ఒక్క మాటతో ముగించినచో, నెలల తరబడి తన వీరుని పెంచుకొన్న పిల్లవాడు మరల ఆ బల్లయొద్దకు రాడు. అందుచే నియమములు మూడు ప్రశ్నలకు సమాధానము చెప్పవలసియున్నది. ఊపిరి ఎంత మేర సోకును? తప్పించుకొనుటకు వీలేమి? మరల ఎప్పుడు వచ్చును?

మొదటిది మేర. 2014 నాటి నియమములలో, పెరిగిన ఎఱ్ఱ డ్రాగన్ మంట 60 అడుగుల దూరము విసనకర్రవలె విచ్చుకొనుచు పోవును. కొసయందు దాని వెడల్పును 60 అడుగులే. నీలి డ్రాగన్ మెరుపు 90 అడుగుల పొడవు, 5 అడుగుల వెడల్పుగల గీత. జహీరాబాదు ప్రాంతపు చెరకు తోటల నెరిగినవారికి ఈ భేదము సులభముగా బోధపడును. గాలి తోడైన మంట తోటలో విచ్చుకొని పోవును. కాలువ నీరు గీతవలె పారును. కావున ఎఱ్ఱ డ్రాగన్ ఎదుట వీరులు చెదరి నిలువవలెను. నీలి డ్రాగన్ ఎదుట ఒకే వరుసలో నిలువరాదు.

రెండవది రక్షణ. ఎఱ్ఱ డ్రాగన్ మంటకు 6 ముఖముల పాచికలు 18 వేసి కూడుదురు, సగటు 63. అయిదవ శ్రేణి యోధునికి ప్రాణాంకములు సుమారు 44 మాత్రమే. పూర్తి దెబ్బ తగిలిన పడిపోవును. సగము తగిలిన నిలుచును. ఆ సగమునకై అతడు 20 ముఖముల పాచిక వేసి, తన చురుకుదనపు అంకెను కలిపి, 21 తేవలెను. అంకె 7 గలవాడు ఇరువదింట ఏడుసార్లు గెలుచును. అంకె సున్నయైనవాడు 20 వేసినను చాలదు. అయితే తోటి పురోహితుని దీవెన యున్నచో 4 ముఖముల పాచిక యొకటి తోడగును. అప్పుడు అతనికిని ఆశ కలుగును. ఒంటరివానికి లేని వీలు స్నేహితుడు గలవానికి దొరకుట ఈ నియమములోని సొగసు.

మూడవది విరామము. దీనినే కాలక్రమమున పలుమార్లు మార్చిరి. 1977 నాటి గ్రంథమున డ్రాగన్ దినమునకు మూడుసార్లు మాత్రమే ఊపిరి వదలవలెను. 1981 నాటి ప్రారంభ గ్రంథమున ఊపిరి దెబ్బ, ఆ క్షణమున డ్రాగన్‌కు మిగిలియున్న ప్రాణాంకములతో సమానము. అనగా ముందు కత్తి దూసి గాయపరచినవాడు వెనుకనున్న వారినందరిని కొంత రక్షించినట్లే. 2000 నాటి నియమములలో 4 ముఖముల పాచిక చెప్పినన్ని వంతులు వేచియుండవలెను. 2008 నుండి డ్రాగన్ వంతు వచ్చినప్పుడెల్ల 6 ముఖముల పాచిక వేయుదురు. 5 గాని, 6 గాని పడిననే మరల నిప్పు. అనగా మూడింట ఒక వంతు అవకాశము. మూడుసార్లు అను లెక్కలో నాలుగవ వంతునకు భయము తీరిపోవును. పాచికపై నాధారపడినపుడు భయము తీరదు, ఆశయు పోదు. నేటికిని ఈ పద్ధతియే సాగుచున్నది.

ఈ మూడు హద్దులును వీరులను కట్టునవి కావు. డ్రాగన్‌ను, దానిని నడుపు సూత్రధారుని కట్టునవి. ఆటలో అధికారమంతయు అతనిదే గనుక నియమము అతనికే ఎక్కువ అవసరము. ఇండ్లలో పెద్దలు సూత్రధారులై పిల్లలతో ఆడునపుడు, మంట ఎంత దూరము వచ్చునో ముందే కొలిచి చూపుట, డ్రాగన్ పాచికను అందరి యెదుట వేయుట మంచిదని మా సూచన. అప్పుడు వీరుడు పడిపోయినను, పిల్లవాడు పాచికను నిందించునే కాని పెద్దవానిని నిందింపడు.