ఉద్యోగం - సృజన

ఉద్యోగంలో చేరితే కళను వదులుకోవాల్సిందేనా? చిక్కడపల్లి గ్రంథాలయంలో పోటీ పరీక్షలకు చదివేవారికీ, సాయంత్రం త్యాగరాయ గానసభ వేదిక ఎక్కేవారికీ ఎదురయ్యే ప్రశ్న ఇది.

సి. నారాయణరెడ్డి 1962లో ‘గులేబకావళి కథ’తో సినిమా పాటలు మొదలుపెట్టారు. అప్పట్లో తెలుగు సినిమాకు కేంద్రం మద్రాసు. అయినా ఆయన హైదరాబాదులో అధ్యాపక వృత్తిని వదల్లేదు. 1980లో ‘విశ్వంభర’ వెలువరించారు. 1988 సంవత్సరానికి జ్ఞానపీఠ పురస్కారం అందుకున్నారు. మన దేశపు తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయానికి ఉపకులపతిగానూ పనిచేశారు.

ఆయన బోధించిందీ, రాసిందీ సాహిత్యమే. ఆ సౌలభ్యం అందరికీ ఉండదు. విశాఖపట్నంలో రాచకొండ విశ్వనాథశాస్త్రి న్యాయవాది. కోర్టుల చుట్టూ తిరిగే పేదల బతుకే ఆయన ‘ఆరు సారా కథలు’కు ముడిసరుకైంది. అంటే, వృత్తి కొందరికి విషయాన్ని ఇస్తుంది. మిగిలినవారికి కనీసం జీతం ఇస్తుంది. ఇల్లు గడిచినప్పుడు, నచ్చనిది రాయాల్సిన అవసరం తగ్గుతుంది. ఇవ్వనిది సమయం మాత్రమే. దాన్ని మనమే కేటాయించుకోవాలి.

పగలు పనిచేసి, రాత్రి ఈ పాఠం చదువుతున్న మీకు ఆ అలవాటు ఇప్పటికే ఉంది. డిగ్రీ చేతికి వచ్చాక ఆ గంటను పోగొట్టుకోకండి. మీ పాటకో, కథకో, బొమ్మకో దాన్ని అప్పగించండి.