మన మారియో ఎందుకు నెమ్మది?

జపాన్ పిల్లలు ఆడిన మారియో కన్నా మన కొత్తగూడెం, పాల్వంచ, భద్రాచలం పిల్లలు ఆడిన మారియో ఆరో వంతు నెమ్మది. పరుగూ నెమ్మదే, గెంతూ నెమ్మదే, వెనక మోగే పాట కూడా నెమ్మదే. అక్కడ 60 సెకన్లలో అయ్యే పరుగు ఇక్కడ 72 సెకన్లు పట్టేది. ఈ సంగతి మనకు తెలిసే వీలే లేదు. పక్కన పెట్టి చూసుకోవడానికి ఇంకో మారియో ఉంటే కదా!

మా అన్నయ్య మనవడు డాలస్ నుంచి సెలవులకు వచ్చినప్పుడు ఇది మా ఇంట్లో చర్చకొచ్చింది. వాడు అదే ఆటను అక్కడ కొత్త మిషన్ మీద ఆడతాడు. మా అటక మీంచి దించిన పాత వీడియో గేమ్ పెట్టె ముందు కూర్చుని, అలవాటు చొప్పున ముందే మీట నొక్కేసి, మొదటి గుంటలోనే పడ్డాడు. "చిన్న తాతయ్యా, ఇది పాడైపోయింది, స్లోగా నడుస్తోంది" అన్నాడు. పాడవలేదు నాన్నా, అది పుట్టడమే అంత అన్నాను. ఎందుకో చెప్పమని కూర్చున్నాడు. వాడికి చెప్పిందే మీకూ చెబుతాను. టీవీలు విప్పి, బాగుచేసి బతికినవాణ్ణి కాబట్టి కాస్త పెద్దదే అవుతుంది, ఓపిక పట్టండి.

పాత డబ్బా టీవీలో బొమ్మ మొత్తం ఒక్కసారిగా రాదు. పిక్చర్ ట్యూబ్ వెనక నుంచి వచ్చే ఎలక్ట్రాన్ల ధార పలక మీద రాసినట్టు ఎడమ నుంచి కుడికి ఒక్కో గీత గీసుకుంటూ పైనుంచి కిందికి దిగుతుంది. అడుగుకు చేరగానే మళ్లీ పైకి. మన దేశపు టీవీలో ఇలా సెకనుకు 50 సార్లు దిగుతుంది. అమెరికాలో 60 సార్లు. జపాన్ వాళ్లు టీవీల విషయంలో అమెరికా పద్ధతే పట్టుకున్నారు కాబట్టి అక్కడా 60.

ఈ 50 ఎక్కడిది? కరెంటుది. పాల్వంచ థర్మల్ కరెంటు కేంద్రం కేటీపీఎస్‌నే తీసుకోండి. సింగరేణి బొగ్గు మండి, నీళ్లు ఆవిరై, ఆ ఆవిరి టర్బైన్‌ను నిమిషానికి 3000 సార్లు తిప్పుతుంది. 3000ను 60తో భాగించండి, సెకనుకు 50. మన ఇళ్లకొచ్చే కరెంటు సెకనుకు 50 సార్లు ఊగుతుందని పుస్తకంలో చదివేది ఇదే. 1966లో మొదటి యూనిట్లు మొదలైనప్పుడూ అదే లెక్క, ఆ పాత యూనిట్ల కూలింగ్ టవర్లను 2024 ఆగస్టులో కూల్చేశాక కొత్త యూనిట్లలోనూ అదే లెక్క. టీవీలు పుట్టిన తొలినాళ్లలో బొమ్మ వేగం కరెంటు వేగంతో కలవకపోతే తెర మీద నల్లటి పట్టీలు పాకేవి. అందుకని చాలా దేశాల ఇంజనీర్లు తమ కరెంటును బట్టే టీవీ వేగం పెట్టుకున్నారు.

ఇక ఆట సంగతి. ఆ రోజుల్లో ఆట రాసినవాళ్లు కాలాన్ని గడియారంతో కొలవలేదు, తెరతో కొలిచారు. తెర ఒకసారి నిండితే మారియో ఇంత దూరం జరగాలి, పాటలో ఈ స్వరం ఇన్ని తెరల సేపు మోగాలి, అంతే. సెకనుకు 60 తెరలు ఉంటాయనుకుని రాసిన ఆట 50 తెరల టీవీకి వస్తే తనంత తానే నెమ్మదిస్తుంది. దీనివల్ల మన పిల్లలకు ఒక లాభం కూడా ఉంది: ప్రతి అడుగుకూ వాళ్లకు దొరికిన వ్యవధి ఐదో వంతు ఎక్కువ. కొత్తగూడెంలో మారియోని చివరిదాకా దాటించిన పిల్లల నేర్పు తక్కువని నేననను. కొంచెం ఎక్కువ సమయం ఉందని మాత్రం అంటాను.

అసలు పెట్టె నింటెండో కంపెనీ వాళ్లది, పేరు ఫ్యామికామ్. 1983 జులై 15న జపాన్‌లో అమ్మకానికి పెట్టారు. దాన్ని తీర్చిదిద్దిన ఇంజనీరు మసాయుకి ఉయెమురా. మన దగ్గరికి వచ్చినవి ఎక్కువగా దానికి నకళ్లు. తొంభైలలో హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీ నుంచి, ఖమ్మం కమాన్‌బజార్ నుంచి సంచుల్లో వచ్చేవి. ఒక పెట్టె, రెండు రిమోట్లు, ఒక తుపాకీ, ఒక పసుపు క్యాసెట్. కొన్నిటిలో తైవాన్ యూఎంసీ కంపెనీ చిప్పులు ఉండేవి. తర్వాత వచ్చిన చవక వాటిని విప్పితే చిప్పు కనపడదు, బోర్డు మీద నల్లటి జిగురు బొట్టు ఒకటి ఉంటుంది, దాని కిందే అంతా. నకలు చేసినవాళ్లను తక్కువగా చూడకండి. 50 తెరల టీవీకి సరిపడేలా లోపలి లెక్కలు మార్చి, చిప్పు వేగాన్ని మాత్రం అసలుకు దగ్గరగా, సెకనుకు 17 లక్షల 70 వేల టిక్కుల దగ్గర నిలబెట్టారు. అందుకే మన మారియో పాట నిదానంగా సాగినా శ్రుతి తగ్గలేదు.

లోపల ఎంత తక్కువ సరుకుందో వింటే ఆశ్చర్యపోతారు. పని చేసుకోవడానికి చిప్పుకున్న జ్ఞాపకం 2 కిలోబైట్లు. 1985 సెప్టెంబరులో వచ్చిన సూపర్ మారియో బ్రదర్స్ ఆట మొత్తం, బొమ్మలూ పాటలూ ఎనిమిది లోకాలూ కలిపి, 40 కిలోబైట్లు. మీరు కిన్నెరసాని దగ్గర జింకల పార్కులో ఫోనుతో తీసుకున్న ఒక్క ఫోటో 4 మెగాబైట్లనుకోండి, అందులో వంద మారియోలు పడతాయి. మరి అంత చిన్న జాగాలో ఎలా సర్దారు? ఈసారి ఆడుతున్నప్పుడు ఆకాశంలో మబ్బునీ నేల మీద పొదనీ పక్కపక్కన చూడండి. రెండూ ఒకే బొమ్మ. తెల్ల రంగేస్తే మబ్బు, పచ్చ రంగేస్తే పొద. షిగెరు మియామోటో, తకాషి తెజుకాల బృందం చేసిన ఈ పని నాకు ఎప్పుడు చూసినా ముచ్చటే.

కాంట్రా అనే ఆట ఆడినవాళ్లకు ఇంకోటి గుర్తుండాలి. శత్రువులూ గుళ్లూ ఎక్కువైతే బొమ్మలు మినుకుమినుకుమనేవి. పెట్టె వేడెక్కిందని కాసేపు ఆపేసేవాళ్లం కదా! వేడికీ దానికీ సంబంధం లేదు. పెట్టెలో బొమ్మలు వేసే చిప్పు ఒక అడ్డగీత మీద 8 కదిలే బొమ్మ ముక్కలకు మించి వేయలేదు. తొమ్మిదోది మాయమవుతుంది. ఎప్పుడూ అదే మాయమైతే ఆటగాడు కనపడని గుండుకు బలైపోతాడు. అందుకని రాసినవాళ్లు ప్రతి తెరకూ వరస మార్చారు, ఈసారి ఒకటి మాయమైతే మరోసారి ఇంకొకటి. పిక్చర్ ట్యూబ్ మెరుపూ మన కంటి నిదానమూ కలిసి ఆ లోటును చాలావరకు పూడ్చేవి.

నేను అసలు చెప్పాలనుకున్నది ఇదే. ఆట సగమే క్యాసెట్లో ఉంది. మిగతా సగం టీవీలో ఉంది. ఇప్పుడు పాత ఆటలు పోగుచేసే కుర్రాళ్లు మన వైపూ తయారయ్యారు, చాలా సంతోషం. సింగరేణి క్వార్టర్లు ఖాళీ చేసేవాళ్లను అడిగి, పాత సామాన్ల దుకాణాలు తిరిగి, క్యాసెట్లు తెచ్చుకుంటున్నారు. అదే దుకాణంలో మూల పడి ఉన్న డబ్బా టీవీని మాత్రం వదిలేసి వస్తున్నారు. నాకు అక్కడే మనసు చివుక్కుమంటుంది.

నమ్మకపోతే తుపాకీతో బాతుల్ని కాల్చే ఆట ఆడి చూడండి. తుపాకీలోంచి ఏదో వెళ్లి తెరకు తగులుతుందని అందరూ అనుకుంటారు. తుపాకీలోంచి ఏమీ వెళ్లదు, అది చూస్తుంది. లోపల చిన్న వెలుతురు కన్ను ఉంటుంది. మీట నొక్కగానే తెర క్షణంసేపు మొత్తం నల్లబడుతుంది. ఆ వెంటనే బాతు ఉన్నచోట తెల్లటి పెట్టె ఒకటి మెరుస్తుంది. కన్నుకు ముందు చీకటి, తర్వాత వెలుగు కనపడితే బాతు పడ్డట్టు. రెండు బాతులుంటే ముందు ఒకదాని పెట్టె, తర్వాతి తెరలో రెండోదాని పెట్టె. వెలుగు ఎన్నో తెరలో కనపడిందో లెక్కపెట్టి ఏ బాతు పడిందో పెట్టె తేల్చుకుంటుంది. తుపాకీని ట్యూబ్‌లైట్ వైపు పెట్టి కాల్చి చూసిన తెలివైనవాళ్లు ఉంటారు. చీకటి ఉండాల్సిన క్షణంలోనూ వెలుగు కనపడింది కాబట్టి ఆ దెబ్బ చెల్లదు.

ఇదే తుపాకీని కొత్త ఎల్‌ఈడీ టీవీకి గురిపెట్టండి, ఒక్క బాతూ పడదు. ఆ టీవీ బొమ్మను లోపల కాసేపు ఉంచుకుని, మెరుగులు దిద్ది, ఆలస్యంగా చూపిస్తుంది. తుపాకీ చూసే క్షణానికి తెల్ల పెట్టె ఇంకా రాదు. పైగా అసలు నింటెండో తుపాకీ మామూలు వెలుగును లెక్కచేయదు, గీత గీతకూ తటతటా కొట్టుకునే పిక్చర్ ట్యూబ్ వెలుగునే పట్టించుకుంటుంది. ఈ తుపాకీకి ఒక వెనుకకథ ఉంది. ఉయెమురా నింటెండోలో చేరకముందు షార్ప్ కంపెనీలో వెలుతురు కన్నులు అమ్మేవారు. వాటిని నింటెండోకు అమ్మడానికి వెళ్లిన పరిచయంతోనే వెలుతురు తుపాకీ బొమ్మలు తయారయ్యాయి, ఆయన కొలువూ మారింది.

డబ్బా టీవీకి ఇంకో గుర్తు ఉంది. ఆట పెట్టె పంపే బొమ్మకు తెరకు 312 గీతలు, సెకనుకు 50 తెరలు, అంటే సెకనుకు 15,600 గీతలు. మేము ఈహెచ్‌టీ అని పిలిచే ట్రాన్స్‌ఫార్మర్ ఆ వేగంతోనే అదిరి సన్నగా ఈల వేస్తుంది. పదేళ్ల పిల్లలకు పక్క గదిలోంచి కూడా వినపడుతుంది. వయసు పెరిగేకొద్దీ లోపలి చెవిలో పెద్ద శ్రుతిని పట్టే కణాలు ముందుగా అరిగిపోతాయి. నాకు ఇప్పుడు వినపడదు. టీవీ ఆన్ అయిందో లేదో మా మనవరాలు వంటింట్లోంచే చెప్పేస్తుంది.

క్యాసెట్ ఆడకపోతే ఉఫ్‌మని ఊదడం అందరికీ అలవాటు. ఊదితే పనిచేస్తుందని ప్రమాణం చేసి చెబుతారు. పనిచేసేది ఊపిరి కాదర్రా, తీసి మళ్లీ పెట్టడం. 60 రేకుల అంచు సాకెట్లోకి రాసుకుంటూ దిగేటప్పుడు పైనున్న చిలుము కొంచెం గీరుకుపోయి తాకుడు కుదురుతుంది. నోటి తడి మాత్రం రేకుల మీద మిగిలి, నెలలు గడిచేకొద్దీ కొత్త చిలుము పట్టిస్తుంది. మన గోదావరి గాలికి వానాకాలం అది మరీ తొందర. మొబైల్ రిపేరు షాపుల్లో ఐపీఏ అనే స్పిరిట్ దొరుకుతుంది, దూదిపుల్లకు అద్ది రేకుల్ని తుడవండి. పెన్సిల్ రబ్బరుతో రుద్దడం ఆఖరి మార్గం, ఎక్కువ రుద్దితే పూత పోతుంది. ఆరాక బూట్ల పెట్టెల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు వేసి మూతున్న స్టీలు డబ్బాలో పెట్టండి.

అడవి అంచు ఊళ్లలో ఒకప్పుడు సాయంత్రం ఏడింటికి ఆట బిగుసుకుపోయేది, తెర మీద పిచ్చి అక్షరాలు వచ్చేవి. అది క్యాసెట్ తప్పు కాదు. చిప్పులకు కచ్చితంగా 5 వోల్టులు కావాలి. 7805 అనే మూడు కాళ్ల రెగ్యులేటర్ ఆ 5 ఇస్తుంది, కానీ దానికి అడాప్టర్ నుంచి కనీసం 7 దాకా అందాలి. లైన్లో 230 ఉన్నప్పుడు 9 ఇచ్చే పాత ట్రాన్స్‌ఫార్మర్ అడాప్టర్, ఊరంతా లైట్లు వేసి వోల్టేజి 150కి దిగితే 6 కూడా ఇవ్వదు. ఇప్పటి స్విచింగ్ అడాప్టర్ పెట్టుకుంటే ఈ బాధ లేదు. అయితే ప్లస్ మధ్యలోనో మైనస్ మధ్యలోనో పెట్టె మీద చూసి పెట్టండి. అసలు ఫ్యామికామ్‌కు మైనస్ మధ్యలో.

భద్రాచలంలో 1986 ఆగస్టులో గోదావరి 75.6 అడుగులకు వచ్చింది, 2022 జులైలో 71.3కి. అంతటి వరదలో క్యాసెట్ మునిగినా ఆశ వదులుకోనక్కరలేదు. లోపలి మాస్క్ రోమ్‌లో ఆటను తయారీలోనే చెక్కేస్తారు, నీళ్లకు చెరగదు. పనిచేస్తుందో లేదో చూద్దామని తడిమీద మాత్రం పెట్టకండి, ఒండ్రు మట్టి కరెంటును పాకిస్తుంది. విప్పి, మంచినీళ్లతో కడిగి, బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్‌తో మరోసారి కడిగి, నీడన బాగా ఆరనిచ్చి, ఐపీఏతో తుడవండి. డబ్బా టీవీ మునిగితే మాత్రం దాని జోలికి వెళ్లకండి. మునగకపోయినా పిల్లలు దాన్ని విప్పకూడదు. పిక్చర్ ట్యూబ్‌లో 20 వేల వోల్టులకు పైగా ఉంటుంది, ప్లగ్గు పీకాక కూడా చాలాసేపు అందులోనే నిలవుంటుంది.

డబ్బా టీవీ దొరకనివాళ్లు కంప్యూటర్లో ఎమ్యులేటర్ పెట్టుకుంటున్నారు, అదీ మంచిదే. మెసెన్, ఎఫ్‌సీఈయూఎక్స్ లాంటి వాటిలో ప్రాంతం ఎంచుకునే చోట డెండీ అని ఒకటి కనపడుతుంది. డెండీ 1992లో రష్యాలో అమ్మిన నకలు పెట్టె, మన పెట్టెలకు దగ్గరి చుట్టం, అదే 50 తెరల లెక్క. దాన్ని ఎంచుకోండి, మన మారియో మన నడకతో నడుస్తాడు. డాలస్ మనవడికి కంప్యూటర్లో అదే పెట్టి ఇచ్చాను. ఇప్పుడు గుంట దాటుతున్నాడు.