అతిథులొచ్చే హాల్లో పిల్లలకూ చోటు



డిసెంబర్ వచ్చిందంటే క్రైస్తవ కుటుంబాల్లో ఇంటి ప్రార్థనలు, క్యారల్స్ బృందాలు, కేకు తినడానికి వచ్చే ఇరుగుపొరుగువారితో హాలు నిండిపోతుంది. ఆ సందడిలో మనం పిల్లల చేతికి ఫోన్ ఇచ్చి పడకగదిలోకి పంపేస్తుంటాం. పిల్లలను అడ్డుకున్న శిష్యులపై యేసు కోపపడ్డారని మార్కు సువార్త 10వ అధ్యాయం చెబుతుంది. అందుకే హాలు సర్దేటప్పుడే పిల్లల చోటు కూడా చూడండి.

• టీపాయ్‌ను గోడవారకు జరిపి, నేలపై జంపఖానా పరవండి. ఎక్కువమంది కూర్చోవచ్చు, పాకే పాపాయికి టీపాయ్ అంచులు తగలవు. మోకాళ్ల నొప్పులున్న పెద్దలకు కుర్చీలు వేయండి.

• మీకు కనిపించే ఒక మూలలో చిన్న చాప, రంగు పెన్సిళ్లు, బొమ్మల బైబిలు కథల పుస్తకం ఉంచండి. వచ్చిన పిల్లలూ అక్కడే కలిసిపోతారు.

• వేడి టీ ట్రే, కొవ్వొత్తులు పిల్లలకు అందనంత ఎత్తులో పెట్టండి. వాటి కింద వేలాడే టేబుల్ క్లాత్ వద్దు.

• పాటలు పాడే బొమ్మలు, చిన్న దీపాల్లోని బటన్ బ్యాటరీల మూతలకు స్క్రూ బిగించి ఉందో లేదో చూడండి. బ్యాటరీ మింగితే రెండు గంటల్లోనే ఆహారనాళానికి తీవ్ర గాయం కావచ్చు. అనుమానం వచ్చినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

• మూడేళ్ల పాపకు పేపర్ నాప్‌కిన్లు పంచే పని ఇవ్వండి. ఐదేళ్ల బాబు "రండి, కూర్చోండి" అంటూ మంచినీళ్లు అందించగలడు.

పగిలే వస్తువులు ముందే తీసేస్తే, సాయంత్రమంతా "ముట్టుకోకు" అనే పని ఉండదు. ఇంటికి వచ్చినవారిని ఆదరించడం మీ చిన్నారి మీ పక్కనే ఉండి నేర్చుకుంటుంది.